ఆరో నెల: నొప్పి సున్నా

శాలేమురాజు పళ్ళ డాక్టరు అవడానికి కారణం పళ్ళ మీద ప్రేమ కాదు, ఇంకే డాక్టరూ అవడానికి రాని ర్యాంకు. ఆ మాట ఎవరో అనేలోపే తనే అనేసేవాడు. "ఒంట్లో రెండొందల పైచిలుకు ఎముకలున్నా దేవుడు నాకు ముప్పై రెండు పళ్ళే అప్పజెప్పాడు. అంతకుమించి ఇస్తే చెడగొడతానని ఆయనకు తెలుసు" అని తెనాలిలో స్నేహితులను నవ్వించేవాడు. వాళ్ళమ్మ హెలెన్ మాత్రం చర్చి మెట్ల మీద కనపడ్డ ప్రతివాళ్ళకీ "మావాడు నోటికి ఆపరేషన్లు చేస్తాడు" అని చెప్పేది. విన్నవాళ్ళు ఎందుకైనా మంచిదని నోరు మూసుకునేవాళ్ళు.

ఇప్పుడతనికి పళ్ళ వైద్యంలో పీజీ, ఎండీఎస్ ఆఖరి సంవత్సరం. పరీక్షకు కూర్చోవాలంటే థీసిస్ ఇవ్వాలి. పరిశోధన పేరు ఆరడుగులుంటుంది గానీ పని చిన్నదే. నలభై మందికి కింది దవడలో జ్ఞానదంతం తీయాలి. తర్వాత ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల వాళ్ళని కలవాలి. నొప్పి ఎంతుందో అడగాలి. సున్నా అంటే లేదని, పది అంటే ప్రాణం పోతోందని లెక్క. ఆ పక్క పెదవి మొద్దుబారిందేమో దూదిపోగుతో తాకి చూడాలి. చెప్పింది ఫారంలో రాయాలి. అంతే.

ముప్పై ఎనిమిది మంది బుద్ధిగా వచ్చారు. ఇద్దరు రాలేదు. ఒకాయన బాపట్లలో ప్రకాశరావు, ఇంకొకామె రేపల్లె అవతల పెనుమూడిలో జ్ఞానమ్మ. పన్ను పోయాక పళ్ళ డాక్టరు మొహం చూడబుద్ధి కాకపోవడం లోకసహజం. అలాంటప్పుడు డాక్టరే ఇంటికి వెళ్ళి చూడాలని రూలు.

వెళ్ళలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కోడికూరతో అన్నం తిని, మంచం మీద బోర్లా పడుకుని, ఇద్దరి ఫారాలూ తనే నింపేశాడు. అన్నీ సున్నాలే వేస్తే థీసిస్ గైడుకి అనుమానం వస్తుందని మొదటి నెల నాలుగు, మూడో నెల రెండు, ఆరో నెల సున్నా వేశాడు. నొప్పి మెట్లు దిగినట్టు ముచ్చటగా దిగింది. ప్రతి విజిట్ పక్కనా 'ఇంటి వద్ద కలిశాను, సాయంత్రం 6.30' అని రాశాడు. పగలంతా డ్యూటీ చేసి, పొద్దుగూకే వేళ పల్లెకు పోయి పేషెంటును పలకరించే డాక్టరు! చదువుకుంటుంటే తన మీద తనకే గౌరవం పుట్టింది. జ్ఞానమ్మకు అప్పటికింకా ఆరు నెలలు నిండలేదు. నిండక ఎక్కడికి పోతాయిలే అని, రాబోయే డిసెంబరులో ఒక శనివారం తేదీ వేసి దానికీ సున్నా చుట్టేశాడు.

గైడు గంగాధరరావు గారు తేదీల జోలికి పోకుండా సంతకాల గడులే చూస్తూ ఫారాలన్నీ తిరగేసి ఆ రెంటి దగ్గరే ఆగారు.

"ఈ ఇద్దరి సంతకాలేవయ్యా?"

"ఇంటి దగ్గర కదండీ సార్... హడావుడిలో..."

"పేషెంటు సంతకం ప్రతి విజిట్‌కీ ఉండాలి. రాయడం రాకపోతే వేలిముద్ర. సోమవారం పొద్దున నా బల్ల మీద పెట్టు. కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉన్న కాగితం మాత్రం నేను ముట్టుకోను. అలాంటిది తెస్తే ఆరు నెలలాగి వచ్చే బ్యాచ్‌తో పరీక్ష రాసుకో."

ఆరు నెలలంటే మాటలా! తోటివాళ్ళంతా బోర్డులు కట్టుకుని కూర్చుంటే, తనొక్కడూ జూనియర్ల వెనకాల ట్రే పట్టుకుని నిలబడాలి. శాలేమురాజు శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి స్టాంపు ప్యాడ్ జేబులో వేసుకుని, బండి తీసి, పొన్నూరు మీదుగా బాపట్ల దారి పట్టాడు. బతిమాలో బామాలో మూడు సంతకాలు, మూడు వేలిముద్రలు. అవి వస్తే గండం గడిచినట్టే.

ప్రకాశరావు ఇల్లు బాపట్ల స్టేషన్ వెనక వీధిలో. రిటైరైన గుమాస్తా. వరండాలో వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. బండి దిగుతూనే శాలేమురాజు, "నమస్కారమండీ, పోల్చుకున్నారా? నేను..." అని మొదలుపెట్టాడు.

"రండి రండి డాక్టరు గారూ! ఈసారి పగలొచ్చారేంటి?"

శాలేమురాజు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకో డాక్టరెవరైనా వచ్చారేమోనని. గేటు దగ్గర మేక తప్ప ఎవరూ లేరు.

"మొహం చూడటం మాత్రం ఇవాళే లెండి" అన్నాడు ప్రకాశరావు హుషారుగా. "ఆపరేషనప్పుడూ మాస్కే, ఇంటికొచ్చిన మూడుసార్లూ మాస్కే. గొంతుని బట్టి గుర్తుపట్టాను."

"మూడుసార్లు... నేనొచ్చానండీ?"

"భలేవారే. మీరొచ్చింది నన్నడుగుతారేంటి!"

లోపల్నుంచి ఆయన భార్య పద్మావతి కాఫీ గ్లాసుతో వచ్చింది. "ఇవాళన్నా తాగుతారా బాబూ? వచ్చినప్పుడల్లా పెట్టాను. ముట్టుకోనే లేదు."

శాలేమురాజు గ్లాసు అందుకున్నాడు. మొదట నాగశివ గుర్తొచ్చాడు. హాస్టల్లో పక్క గది వాడు, ఎవరి గొంతైనా పట్టేస్తాడు, వేళాకోళమంటే ప్రాణమిస్తాడు. కానీ ఎదటివాళ్ళ కాఫీ ముట్టుకోకుండా వదిలేయడం నాగశివ జాతకంలోనే లేదు.

"నొప్పి ఎలా ఉందండీ?" అన్నాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"సున్నా! మొదట్లో తొమ్మిది ఉండేదా? మీరొచ్చి చెవిలో 'నాలుగు' అన్నారు. నాలుగే అయింది. తర్వాత 'రెండు' అన్నారు. రెండైంది. పోయిన నెల 'సున్నా' అన్నారు. మీ చెయ్యి భలే చల్లనండీ. నోట్లో వేలు పెడితే చలికాలం చేదబావిలో చెయ్యి పెట్టినట్టుంది."

నాలుగు. రెండు. సున్నా. ఆ అంకెలు ఫారంలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. ఆ ఫారం మొన్నటిదాకా తన పరుపు కింద ఉంది.

ప్రకాశరావు సంతకం కోసం కుడిచెయ్యి చాపాడు. అరచేతి నిండా కట్టు. కట్టు అంచున చర్మం ముడుచుకుపోయి ఉంది. ఆ చేత్తోనే పెన్ను బిగించి పట్టుకుని, నవ్వుతూ, మూడు సంతకాలు చేశాడు. మూడో సంతకానికి కట్టులోంచి తడి ఉబికింది. ఆయన చూసుకోనే లేదు.

పద్మావతి గేటు దాకా వచ్చింది. గొంతు తగ్గించింది.

"స్టవ్వు మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నారు బాబూ. వాసనొచ్చి నేను పరిగెత్తి లాగాను. నవ్వుతున్నారు. మొన్న వాళ్ళక్కయ్య పోయింది. పెంచిన మనిషి. శవం పక్కన కూర్చుని అందరినీ 'భోంచేశారా' అని పలకరించారు. కంట్లో చుక్క నీళ్ళు లేవు. నొప్పి తీయమన్నాం గానీ... మొత్తం తీసేశారేంటి బాబూ?"

శాలేమురాజుకి బండి స్టార్టు చేయడానికి నాలుగు కిక్కులు పట్టింది.

ఊరు దాటాక కాసేపు ధైర్యం చెప్పుకున్నాడు. ముసలాయన నరం దెబ్బతింది, అంతే. నరం దెబ్బతింటే మొద్దుబారుతుంది. పుస్తకంలో ఉంది. అయితే చెయ్యి ఎందుకు మొద్దుబారింది? అక్కయ్య పోయిన బాధ ఏ నరంలో ఉంటుంది? అది ఏ పుస్తకంలో ఉంది? పరిశోధకుడన్నవాడు ప్రశ్నలడగాలంటారు. ఎప్పుడూ ఒక్క ప్రశ్నా అడగని శాలేమురాజుకి ఆ రోజు రోడ్డు పొడుగునా ప్రశ్నలే.

దానికి తోడు దారిలో టైరు పంక్చరైంది. అది అతికించుకుని రేపల్లె చేరేసరికి అయిదున్నర దాటింది. మబ్బు. కోసిన వరిపనలు తడిసిన వాసన. స్టాండు దగ్గర టీ తాగుతూ, జ్ఞానమ్మ ఫారం మడత విప్పాడు.

మూడో గడిలో తేదీ చూశాడు.

టీ కొట్టు గోడ మీద క్యాలెండరు చూశాడు.

ఇవాళే. సాయంత్రం 6.30.

గ్లాసులో టీ సగం అలాగే వదిలేశాడు. నాగశివ చూసి ఉంటే నమ్మేవాడు కాదు.

వెనక్కి తెనాలి పోదామనే అనుకున్నాడు. బండి అటు తిప్పాడు కూడా. వేలిముద్రలు లేకపోతే థీసిస్ లేదు. అది ఒక కారణం. ఆ ఒక్క కారణమే అయితే అతనికే బాగుండేది. కానీ కట్టులోంచి ఉబికిన ఆ తడి కళ్ళముందు నుంచి కదలడం లేదు. తిట్టుకుంటూ బండి మళ్ళీ పెనుమూడి వైపు తిప్పాడు.

ఊళ్ళో క్రిస్మస్ నక్షత్రాలు అప్పుడే కట్టారు. కాగితం నక్షత్రాల్లో ఎర్ర బల్బులు వెలుగుతున్నాయి. కృష్ణ మీద నుంచి బురద వాసనతో గాలి వస్తోంది. వారధి మీద లారీ పోతుంటే కింద నీళ్ళు గుడగుడలాడినట్టు వినపడింది. జ్ఞానమ్మ ఇల్లు వీధి చివర. దాని తర్వాత ఇళ్ళు లేవు. అరటితోట, ఆ వెనక కరకట్ట.

తలుపు కొట్టాడు. జానెడు తెరుచుకుంది. ఆ సందులో ఒక అమ్మాయి కన్ను.

"ఇంకా ఆరున్నర కాలేదు కదండీ" అంది.

"నేను... కాలేజీ నుంచి... జ్ఞానమ్మగారి..."

"తెలుసండి. నేను ఆవిడ కూతుర్ని, హెప్సిబాని. పోయినసారి దీపం పట్టుకుంది నేనే కదండీ." ఆ అమ్మాయి గొంతు వణికింది. రేపల్లెలో పిల్లలకు పాఠాలు చెప్పే గొంతు. వణకడం అలవాటు లేనిది. "సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మ వద్దంటోంది. ఇక్కడితో వదిలేయండి."

"అమ్మా, వచ్చింది నేను కాదు. అసలు నేను ఒక్కసారి కూడా రాలేదు. మాస్కు లేదు చూడండి, నా మొహం చూడండి."

లోపల్నుంచి జ్ఞానమ్మ వచ్చింది. కోతకు పోయి వచ్చిన చీర ఇంకా మార్చలేదు. కొంగు నిండా గడ్డి. మొహంలో ఎడమ సగం ఎవరిదో తెచ్చి అతికించినట్టు కదలకుండా ఉంది. దగ్గరికొచ్చి, చెయ్యి చాపి, అతని చెంప మీద వేసింది.

"వెచ్చగున్నాడే" అంది కూతురితో. "ఆయన కాదు."

లోపలికి రానిచ్చి గడియ పెట్టారు. గోడ గడియారం ఆరుంబావు చూపిస్తోంది.

"మొదటిసారి పెదవి పోయింది బాబూ" అంది జ్ఞానమ్మ మంచం మీద కూర్చుని. "పోతే పోయిందిలే, నొప్పి తగ్గింది కదా అనుకున్నా. రెండోసారి చెంప పోయింది, చెవి పోయింది. మా ఇంటాయన సుందరయ్య పోయి పదేళ్ళు. రోజూ పడుకునేముందు ఒక్కసారి గుర్తొచ్చి గుండె కలుక్కుమంటది. ఆ కలుక్కు సగమే మిగిలింది. ఇవాళ సున్నా చేస్తానన్నాడు. సున్నా అంటే ఇంకేం పోద్ది బాబూ?"

శాలేమురాజు ఫారం తీసి మంచం మీద పరిచాడు. బోర్లా పడుకుని రాసిన సంగతి, కోడికూరతో సహా చెప్పేశాడు. దాచడానికి టైము లేదు. చెబుతుంటే తన మాటలు తనకే అరుగు మీద పిల్లలు ఆడుకునే దొంగ ఆటలా వినపడ్డాయి.

హెప్సిబా కాగితం మీదికి వంగి చదివింది. తల ఎత్తింది.

"మీరు రాసిందే జరుగుతోందన్నమాట."

"అలాగే ఉందమ్మా."

"అయితే కొట్టేయండి."

ఎంత తేలిగ్గా అంది! శాలేమురాజు పెన్ను తీశాడు. మూత తీశాడు. ఆగాడు.

కొట్టివేత ఉన్న కాగితం గైడు ముట్టుకోరు. ఆరు నెలలు. జూనియర్ల వెనకాల ట్రే. చర్చి మెట్ల మీద అమ్మ ఎవరికేం చెబుతుంది? ఎదురుగా ఒక మనిషి మొహం సగం చచ్చిపోయి కూర్చుని ఉంటే, ఇంకో పక్క తన బుర్ర తీరిగ్గా ఈ లెక్కలు వేసుకుంటోంది. మనిషి జన్మలో ఇంత సన్నాసి ఇంకోడు ఉండడని అతనికి అప్పుడే నిర్ధారణగా తెలిసింది. ఇంత నికరంగా తేలిన పరిశోధన అతని జీవితంలో అదొక్కటే.

బయట నక్షత్రంలో బల్బు ఆరిపోయింది.

తర్వాత ఇంట్లో లైటు.

కుక్కలు అరవడం ఆపేశాయి. అవి అంతవరకూ అరుస్తున్నాయని అప్పుడే తెలిసింది. వాకిట్లో గడ్డి మీద అడుగులు. తొందర లేని అడుగులు. ఒకటి... ఒకటి... ఒకటి. తలుపు సందులోంచి స్పిరిట్ వాసన, దాని వెనకే లవంగ నూనె వాసన. ఆపరేషన్ గదిలో ఉండే వాసనే. కానీ అక్కడ అది వెచ్చగా ఉంటుంది. ఇక్కడ చలిని మోసుకొచ్చింది.

తలుపు మీద మూడుసార్లు మెల్లగా చప్పుడైంది.

"జ్ఞానమ్మగారూ."

శాలేమురాజు గొంతు. గుడ్డ వెనక నుంచి వచ్చే తన గొంతు. పేషెంట్లతో మాట్లాడేటప్పుడు అతను పెట్టే ఆ అరువు మర్యాదతో సహా.

"ఆరో నెలండి. నొప్పి ఎంతుంది?"

హెప్సిబా తల్లిని గట్టిగా పట్టుకుంది. చీకట్లో జ్ఞానమ్మ గుసగుసగా ప్రార్థన చేస్తోంది. మాటలు సగం పెదవితోనే వస్తున్నాయి.

గడియ కదిలింది. లోపలి గడియ... దానంతటదే... అంగుళం పక్కకి.

"బాబూ" అంది జ్ఞానమ్మ. అంతే అంది.

అతను తడుముకుంటూ కాగితం పట్టుకున్నాడు. మూడో గడి ఎక్కడ? వేలు పెట్టి వెతికాడు. గడియ ఇంకో అంగుళం జరిగింది. కాళ్ళ మీద చలి పాకింది. దొరికింది. సున్నా మీద పెన్నుతో గీత గీశాడు. కాగితం చిరిగింది. పక్కన రెండు వేశాడు. దిద్దితే పొట్టి సంతకం పెట్టాలని రూలు. చీకట్లోనే పెట్టాడు.

గడియ ఆగింది.

"రెండు..." అంది బయటి గొంతు, కాగితం చూసి చదువుతున్నట్టు. "రెండేనా?"

"రెండే" అన్నాడు శాలేమురాజు.

"దిద్దారు" అంది గొంతు. కోపం లేదు. చిన్న విచారం మాత్రం ఉంది, మంచి గుడ్డ మీద మరక చూసినట్టు.

అడుగులు కరకట్ట వైపు పోయాయి. ఒకటి... ఒకటి... నక్షత్రం వెలిగింది. కుక్కలు ఒక్కసారిగా గొంతెత్తాయి.

జ్ఞానమ్మ దవడ పట్టుకుని చూసుకుంది. నొక్కి చూసుకుంది. "ఉంది... సలుపుతోంది. దేవునికి స్తోత్రం" అంది. పన్ను నొప్పికి స్తోత్రం చెప్పిన పేషెంటును శాలేమురాజు అంతకుముందు చూడలేదు. ముగ్గురూ నవ్వారు. నవ్వాక హెప్సిబా ఏడ్చింది. వేలిముద్రల మాట ఎవరికీ గుర్తు రాలేదు. స్టాంపు ప్యాడ్ జేబులోనే ఉండిపోయింది.

తెనాలి చేరగానే, బూట్లైనా విప్పకుండా ప్రకాశరావు ఫారం తీసి ఆ సున్నా కూడా కొట్టేశాడు. రెండు వేసి పొట్టి సంతకం పెట్టాడు. మర్నాడు ఆరాధన అయి బయటికి వస్తుంటే పద్మావతి ఫోను.

"బాబూ, తెల్లవారుజాము నుంచి ఒకటే ఏడుపు. అక్కయ్యా అక్కయ్యా అని. చెయ్యి మండిపోతోందని కేకలు. ఆపలేకపోతున్నాను." ఆవిడ కూడా ఏడుస్తోంది. "మీరేం చేశారో గానీ చల్లగుండండి నాయనా."

శాలేమురాజు చర్చి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ఆరు నెలలు పోతే పోయాయి. పన్నెండు పోయినా ఫరవాలేదు. ఉన్నదున్నట్టు గైడుకి చెప్పేయాలి. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫారాలు రెండూ దిండు కింద ఉన్నాయి. లేచి లేచి గీతలు ఉన్నాయో లేదో చూసుకున్నాడు. ఉన్నాయి.

సోమవారం తొమ్మిదింటికి కాలేజీలో గంగాధరరావు గారి గది తలుపు తోశాడు. ఆయన బల్ల వెనక కూర్చుని ఉన్నారు. ఆకుపచ్చ టోపీ, మాస్కు, గ్లవ్స్. కేసు మధ్యలో లేచి వచ్చినట్టున్నారు. ఏసీ బాగా పెంచినట్టున్నారు కూడా. శాలేమురాజు నిలబడే మొత్తం చెప్పాడు. పరుపు, నాలుగు, రెండు, సున్నా, బాపట్ల, పెనుమూడి. చెప్పి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు.

తిట్లు రాలేదు. ఆ డిపార్ట్‌మెంట్‌లో అలాంటిది ఎన్నడూ జరగలేదు.

"దిద్దినవి తెచ్చావా?" అన్నారాయన. జలుబు చేసినట్టుంది గొంతు.

"తెచ్చాను సార్. ఆరు నెలలు ఆగుతాను సార్. ఈ రెండూ మాత్రం ఇలాగే ఉండనివ్వండి."

చెయ్యి చాపారు. శాలేమురాజు రెండు ఫారాలూ ఆ చేతిలో పెట్టాడు. గుండెల మీద బరువు దిగినట్టయింది.

"ఆగక్కర్లేదు" అన్నారు. "బయట ఉండు."

బయట బెంచీ మీద కూర్చున్నాడు. అటెండరు చిన్నయ్య నేల తుడుస్తూ వచ్చాడు. కర్ర పక్కన పెట్టి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి రాజు గారూ, ఇక్కడ కూర్చున్నారు?"

"సార్ ఉండమన్నారు."

"ఏ సారండీ?"

"గంగాధరరావు గారు. లోపలున్నారుగా."

చిన్నయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "నిన్న రాత్రే వాళ్ళమ్మాయి దగ్గరికి విజయవాడ వెళ్ళారండి. మనవడి బారసాల. బుధవారం గానీ రారు." మొలలోంచి తాళంచెవుల గుత్తి తీసి చూపించాడు. "ఇదిగో. గది నేనింకా తెరవనే లేదు."

శాలేమురాజు లేచాడు. తలుపు తోశాడు. రాలేదు. చిన్నయ్య గొణుక్కుంటూ తాళం తీశాడు.

కుర్చీ ఖాళీ. కిటికీలకు లోపల గడియలు. ఏసీ ఆపేసి ఉంది. అయినా నోట్లోంచి ఆవిరి వస్తోంది.

బల్ల మీద రెండు ఫారాలు. చిరుగు లేదు. మడత లేదు. కొట్టివేత లేదు. నాలుగు, రెండు, సున్నా. నాలుగు, రెండు, సున్నా. చేతిరాత తనదే, తను ఎప్పుడూ రాయనంత నీటుగా ఉంది. మొదటిదాంట్లో ప్రకాశరావు సంతకాలు మూడు. రెండోదాంట్లో నీలం ఇంకుతో మూడు వేలిముద్రలు.

గైడు అడిగిన కాగితం ఇదే. అడిగినట్టే ఉంది.

ఫోను తీసి హెప్సిబా నంబరు నొక్కాడు. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎత్తడం లేదు.

"ఏంటండీ అది?" అంటున్నాడు చిన్నయ్య గుమ్మంలోంచి. "లోపలికి రమ్మంటారా?"

శాలేమురాజు వంగి, మూడో వేలిముద్ర మీద వేలు ఆనించి చూశాడు.

ఇంకు తడిగా ఉంది. ఆ చల్లటి బల్ల మీద, ఆ చల్లటి కాగితం మీద, అదొక్కటే... అప్పుడే వేలు తీసినట్టు... వెచ్చగా ఉంది.